లాడమా, వట్టిగిట్టయా? — ఒక ప్రాచీన వివాదము



గుఱ్ఱమును కొనబోవునప్పుడు మన పూర్వులు సుడులు చూచెడివారు, వన్నె చూచెడివారు, పండ్లు చూచి వయసు లెక్కించెడివారు. ఏ సుడి యింటికి మేలు, ఏ సుడి యజమానికి కీడు అను చర్చ సంతలలో గంటలకొలది సాగెడిది. ఆ చర్చలో కడపట జ్ఞప్తికి వచ్చునది, ఒక్కొక్కప్పుడు అసలే జ్ఞప్తికి రానిది, గిట్ట. కాని గుఱ్ఱమును నిలుపునదియు, నడపునదియు, కూలద్రోయునదియు గూడ గిట్టయే.

నేటి నా ప్రసంగము ఆ గిట్టను గూర్చినది. గిట్ట చెడిన గుఱ్ఱమునకు చికిత్సగా ఇనుప లాడము కట్టవలెనా, లేక ఉన్న లాడమును గూడ ఊడదీసి వట్టికాలితో విడువవలెనా? చూడ నిది చిన్న ప్రశ్న. కాని కమ్మరులు, వైద్యులు, సేనానులు, వర్తకులు తరతరములుగా దీనిపై వాదించిరి. ఆ వాదములో పాల్గొననిది నోరులేని గుఱ్ఱ మొక్కటియే. మాటాడలేని ప్రాణి కొఱకు మనము నిర్ణయించునపుడు, మన పొరపాటును అది కుంటుచు మోయవలసి యుండును. అందుచేత ఈ చరిత్రను నిదానముగా పరిశీలింతము.

ముందుగా గిట్ట యన నేమో చెప్పుకొందము. మన గోరు ఏ పదార్థమో గిట్టపెంకును ఆ పదార్థమే. గుఱ్ఱము ఒక్కొక్క కాలికి ఒక్కొక్క వ్రేలిమీదనే నిలుచు జంతువు. ఆ వ్రేలికొనను కప్పిన పెద్దగోరే గిట్ట. దాని లోపల నొక యెముక గలదు. ఆ యెముక గిన్నెలో వేసిన రాయివలె అడుగున ఊరక పడియుండదు. పెంకు లోపలివైపున సుమారు 550 నుండి 600 వఱకు పలుచని రేకులు నిలువుగా నుండును. ఎముకను కప్పిన మెత్తని పొరకును అట్టి రేకులే యుండును. రెండు పుస్తకముల పుటలను ఒకదానిలో నొకటి చొప్పించినట్లు ఈ రేకులు పెనవైచుకొని, నాలుగైదువందల కిలోల శరీరమును పట్టి నిలుపుచున్నవి. గిట్ట యడుగున వెనుకవైపు ముక్కోణముగా నొక మెత్తని గడ్డ యుండును. దానికి ఆంగ్లేయులు కప్ప యని పేరిడిరి. ప్రాచీన గ్రీకులు చీలినతోక గల యొక పక్షి పేరు పెట్టిరి. కాలు నేల మోపినపుడు మడమవైపున గిట్ట కొంచెము విచ్చుకొనును. ఎత్తినపుడు మరల దగ్గఱకు వచ్చును. ఆ విచ్చుకొనుటలో నేలదెబ్బ కొంత అణగిపోవును. రక్తప్రసారమునకును అది తోడ్పడును.

పెంకు నెలకు సుమారు 6 మొదలు 10 మిల్లీమీటర్లు పెరుగును. ముందువైపున పైనుండి నేలవఱకు క్రొత్తపెంకు దిగుటకు 9 నుండి 12 నెలలు పట్టును. ఇది గిట్టకు ఆదాయము. నడక, నేలగరుకు, మోయు బరువు — ఇవి వ్యయము. అడవిలోని గుఱ్ఱమునకు ఈ రెండును ఇంచుమించు సరిపోవును. మనుష్యుడు దానిని పట్టి బండికి కట్టినను, జీనువేసి యెక్కినను, శాలలో కదలక నిలిపినను ఆ లెక్క తారుమారగును. వ్యయము మించినపుడు గిట్ట అరిగి నెత్తురు చిందును. ఆదాయము మించినపుడు గిట్ట పొడుగై పగులును. లాడము వ్యయమును ఆపును గాని ఆదాయమును ఆపజాలదు. కావుననే లాడము కట్టిన గుఱ్ఱమునకు ఆఱు వారముల ప్రాంతమున దానిని ఊడదీసి, పెరిగిన పెంకును చెక్కి, మరల కట్టవలసి వచ్చుచున్నది. ఈ సంగతి మఱచిన వారికి పైచరిత్ర యంతయు అర్థము కాదు.

గ్రీకు సేనాని, చరిత్రకారుడు నైన క్సెనోఫోను క్రీ. పూ. నాల్గవ శతాబ్దమున అశ్వవిద్యపై నొక గ్రంథము వ్రాసెను. అందులో లాడము మాటయే లేదు. ఇంటికి పునాది యెట్టిదో యుద్ధాశ్వమునకు పాదములు అట్టివని తలంచి, కొనువాడు మొట్టమొదట గిట్టనే పరీక్షింపవలెనని ఆయన విధించెను. తడిసిన నున్నని శాలనేల మంచి గిట్టలను సైతము చెఱచునని హెచ్చరించెను. గిట్టను గట్టిపఱచుటకు ఆయన చెప్పిన యుపాయము చిత్రమైనది. పిడికిట పట్టునంత గుండ్రని రాళ్లను నాలుగైదు బండ్లు శాల వెలుపల పోయించి, చెదరిపోకుండ చుట్టును ఇనుప అంచు కట్టించి, గుఱ్ఱమును ప్రతిదినము కొంతసేపు వానిపై నిలుపవలెనట. రాతిబాటకు అలవాటు పడవలసిన కాలిని రాతిమీదనే సాధన చేయించుట ఆయన పద్ధతి. ఈ క్సెనోఫోనే తన సేనతో ఆర్మీనియా కొండలలో మంచులో చిక్కుకొన్నపుడు, అచ్చటి గ్రామపెద్ద యొకడు గుఱ్ఱముల కాళ్లకు సంచులు కట్టుమని నేర్పెను. లేకున్న అవి పొట్టవఱకు మంచులో దిగబడునని చెప్పెను. వట్టికాలిని మెచ్చిన వాడైనను అవసరము వచ్చినపుడు కాలికి తొడుగు వలదనలేదు.

వట్టిగిట్ట ఎంతటి పయనమునైనను ఓర్చునని తలంపరాదు. అలెగ్జాండరు క్రీ. పూ. 326లో పంజాబునందలి బియాసు నదివఱకు వచ్చి వెనుదిరిగెను. ఆ సమయమున సైనికుల యలసటతోపాటు, ఎడతెగని పయనముచే గుఱ్ఱముల గిట్టలు అరిగి పలుచబడెనని డయోడోరసను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ఆ సేన వెనుదిరుగుటకు గిట్టలే కారణమని నేననను. కాని లోకమును జయింప బయలుదేరిన సేనయు గిట్ట ఆదాయవ్యయముల లెక్కను తప్పించుకొనలేకపోయెను.

రోమనులు రాతిబాటలు వేసిన ప్రజలు. వారి కాలమున కాలితొడుగుల ప్రస్తావన తఱచుగా కనిపించును. ఇచ్చట మన రైతులకు ప్రియమైన సంగతి యొకటి గలదు. క్రీ. శ. మొదటి శతాబ్దమున వ్యవసాయ గ్రంథము రచించిన కొలుమెల్లా చికిత్స కొఱకు తొడుగును చెప్పినది ఎద్దు విషయమున. కుంటుచున్న యెద్దు గిట్టకు మందు వేసి, గట్టిగడ్డితో అల్లిన తొడుగు తొడిగి కాపాడవలెనని ఆయన బోధించెను. ఇనుప చెప్పులును ఆ కాలమువే. అడుగున ఇనుపరేకు, ప్రక్కల రెక్కలు, త్రాడు దూర్చుటకు కొక్కెములు గల యీ తొడుగులు ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటను దేశముల త్రవ్వకములలో దొరకినవి. వీనికి మేకులు లేవు. త్రాళ్లతోనో తోలుపట్టెలతోనో కట్టెడివారు. పుండుపడిన గిట్టకు కట్టుగా వాడిరని కొందఱు, రాతిబాటపై తాత్కాలికముగా తొడిగిరని మఱికొందఱు పండితులు చెప్పుదురు. ఎట్లైనను అవి అక్కఱ తీరగానే విప్పదగినవి. క్రీ. శ. 301లో డయొక్లీషియను చక్రవర్తి వెలల శాసనమున, పశువైద్యుడు ఒక జంతువునకు గిట్టలు చెక్కి సరిచేసినందుకు 6 దినారములు పుచ్చుకొనవచ్చునని నిర్ణయించెను. అనగా మేకుల లాడము స్థిరపడుటకు శతాబ్దములకు ముందే గిట్ట చెక్కుట కూలి నిర్ణయింపబడిన వృత్తి యయ్యెను.

మేకులతో కొట్టు లాడము ఎవరు కనిపెట్టిరో తేల్చుట కష్టము. వ్రాతలో దాని జాడ స్పష్టముగా కనిపించునది బైజాంటియము చక్రవర్తి ఆఱవ లియో కాలమున. క్రీ. శ. 900 ప్రాంతమున ఆయన పేర వెలసిన యుద్ధతంత్ర గ్రంథములో, అర్ధచంద్రాకారపు ఇనుములు, వాని మేకులు ఆశ్వికుని సామగ్రిలో చేర్పబడియున్నవి. తరువాతి రెండు శతాబ్దములలో ఐరోపాఖండమంతటను లాడము వ్యాపించెను. అది తడినేలల దేశము. తడిసిన గిట్ట మెత్తబడి త్వరగా అరుగును. అందుపై ఇనుపకవచము తొడిగిన యోధుని బరువు. ఆ పరిస్థితులలో లాడము వారికి వరమైనది. కాని వరముతోపాటు వంకయు వచ్చెను. మేకు ఒక్క నూలువాసి లోనికి పోయినను సజీవమైన కండలో దిగును. లండను నగరములో 1356వ సంవత్సరమున, లాడములు కొట్టువారి నేర్పులేమివలన గుఱ్ఱములకు కలుగుచున్న హానిని గూర్చి నగరాధ్యక్షుడు ఆ వృత్తివారిని పిలిపించి కట్టుబాట్లు చేసెను. ఆ వృత్తిసంఘము నేటికిని నిలిచియున్నది. 1975లో బ్రిటను శాసనసభ చేసిన చట్టము ప్రకారము, శిక్షణ పొంది పేరు నమోదు చేయించుకొననివాడు అచ్చట గుఱ్ఱమునకు లాడము కొట్టరాదు.

మన దేశమునకు వత్తము. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని విధులు వివరముగా చెప్పబడినవి. శాల కొలతలు, మేత, వైద్యుల బాధ్యత అన్నియు గలవు. మేకుల లాడము లేదు. శాలిహోత్రుడు, నకులుడు, జయదత్తుడు మొదలగువారి పేర అశ్వవైద్య గ్రంథములు వెలసినవి. తెలుగున మనుమంచి భట్టు అశ్వశాస్త్రమును రచించెను. శాలిహోత్రుని పేరునుండియే సాలోత్రి యను మాట పుట్టి, ఉత్తరదేశమున గుఱ్ఱపు వైద్యుడని యర్థమిచ్చుచు నిలిచినది. ఇంతటి శాస్త్రముండియు తీరప్రాంతపు రాజులకు గుఱ్ఱములు దక్కలేదు. 1290 తరువాత మన తూర్పుతీరమునకు వచ్చిన మార్కోపోలో, పాండ్యరాజుల దేశమున గుఱ్ఱములు పుట్టవనియు, ఏటేట అరబ్బు, పారసీక రేవులనుండి వేలకొలది దిగుచున్నవనియు, వానిలో ఎక్కువభాగము ఏడాది తిరుగకుండ చచ్చుచున్నవనియు వ్రాసెను. దానికి ఆయన చూపిన కారణము వినదగినది. గుఱ్ఱపు వైద్యము, లాడము తెలిసినవారు ఆ దేశమున లేరు. వర్తకులు తాము తీసికొనిరారు సరికదా, ఇతరులను రానీయరు. గుఱ్ఱములు బ్రదికిన బేరము తగ్గునని వారి భయము. విదేశీయుని మాటలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. అయినను ఒక విద్య లేకపోవుట ఎవరికి లాభమో ఆయన చక్కగా కనిపెట్టెను.

విజయనగరమున గుఱ్ఱపు బేరము ఇంకను పెరిగెను. కృష్ణదేవరాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెడివాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. అంతకుముందొక రాజు, ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు గూడ తోక చూపిన చాలునని వెల యిచ్చెడివాడని ఆయనయే చెప్పెను. తోకకు సైతము ధనమిచ్చిన ఆ కాలమున బ్రదికియున్న గుఱ్ఱపు కాలు ఎంత విలువైనదో ఊహింపవచ్చును.

మొగలుల కొలువులో లాడము నిత్యవ్యవహారమైనది. అక్బరు మంత్రి అబుల్ ఫజలు వ్రాసిన ఐనీ అక్బరీలో, గుఱ్ఱమునకు ఏడాదికి రెండు మారులు లాడములు కట్టుదురనియు, నాలుగు కాళ్లకు పూర్వము 8 దాములు, అప్పుడు 10 దాములు ఖర్చనియు గలదు. రూపాయికి 40 దాముల లెక్కను అది పావులా. ఏడాదికి రెండు మారులే యన్న మాట నన్ను ఆలోచింపజేసినది. ఒక లాడము ఆఱు నెలలు గిట్టను విడువకుండుట అరుదు. కావున ఆ గుఱ్ఱములు ఏడాదిలో కొంతకాలము లాడముతోను, కొంతకాలము వట్టికాలితోను గడపెడివని నా యూహ. ఈ వృత్తివానికి నాల్బందు అను పేరు దక్కనులోను వ్యాపించెను. అరబ్బీలో నాల్ అనగా చెప్పు.

లాడమనగా మన పల్లెలకు గుఱ్ఱముకంటె ఎద్దే ముందు జ్ఞప్తికి వచ్చును. ఎద్దు గిట్ట చీలియుండుటచే కాలికి రెండు చొప్పున చిన్న రేకులు కావలెను. త్రాడువేసి పడద్రోసి, నాలుగు కాళ్లు ఒకచోట బంధించి, కమ్మరి మేకులు కొట్టుచుండగా చుట్టును పిల్లలు మూగుట మీలో పెక్కుమంది చూచియుందురు. కంకరబాటపై బండ్లు తోలువారు ఈ రేకులు కొట్టించిరి. వరిమళ్లలో దున్నువారికి వానితో పని లేకపోయెను. శాస్త్రములు చదువకయే మన రైతులు ఈ వివాదమును తమవఱకు తీర్చుకొనిరి. నేలను, పనిని చూచి నిర్ణయించిరి. ఐరోపా పండితులు ఇదే తీర్పునకు వచ్చుటకు చాలకాలము పట్టినది.

ఫ్రాన్సులోని లియోను నగరమున మొదటి పశువైద్య కళాశాల 1762లో తెఱువబడెను. ఆ కాలముననే పారిసులో లాఫోస్ అను వైద్యుడు గిట్టలను కోసి పరీక్షించి, అడుగున నున్న మెత్తని గడ్డ నేలను తాకనిచో గిట్ట చెడునని వాదించి, మొనవైపు మాత్రమే కప్పు పొట్టి లాడములను ప్రచారము చేసెను. లండనులో బ్రేసీ క్లార్కు అను పశువైద్యుడు, ఎన్నడును లాడమెఱుగని యొక గుఱ్ఱపు గిట్టకు అచ్చుతీసి, పిదప లాడము కట్టించి, ఏటేట మరల అచ్చులు తీయుచు పోయెను. మడమభాగము క్రమముగా ఇఱుకగుట ఆ యచ్చులలో కనబడెను. 1809లో ఆయన దానిని ప్రకటించి, విచ్చుకొనవలసిన గిట్టను మేకులు బిగించివేయుచున్నవని నిరూపింప యత్నించెను. ఈ వృత్తివారిలో మన దేశమునకు వచ్చినవాడు విలియము మూర్ క్రాఫ్టు. లియోనులో చదివి, యంత్రములతో లాడములు చేయ ప్రయత్నించి, 1800లో లాడముల పద్ధతులపై పుస్తకము వ్రాసి, 1808లో బీహారునందలి పూసాలో కంపెనీవారి గుఱ్ఱపు క్షేత్రమునకు అధికారిగా వచ్చెను. మేలుజాతి గుఱ్ఱములకై 1819లో బయలుదేరి బుఖారావఱకు పోయి, తిరిగివచ్చుచు 1825లో మార్గమధ్యమున మరణించెను.

అయినను లాడము తగ్గలేదు. 1812లో నెపోలియను రష్యానుండి వెనుదిరిగినపుడు, మంచుకు తగిన మేకుల లాడములు లేక గుఱ్ఱములు జారిపడి లేవలేకపోయినవి. తన గుఱ్ఱములకు ముందే తగిన లాడములు వేయించిన కోలెంకూరను సేనాధికారి ఈ సంగతి విచారముతో వ్రాసియుంచెను. అమెరికాలో హెన్రీ బర్డెను 1835లో లాడముల యంత్రమునకు హక్కుపత్రము పొందెను; 1857 నాటికి ఆయన యంత్రము నిముసమునకు 60 లాడములు చేయగలిగెను. నగరములలో రాతిపఱుపుపై బరువుబండ్లు లాగు గుఱ్ఱములు లక్షలకొలది యుండెను. లాడము చికిత్స అను మాట మఱుగుపడి, పుట్టిన ప్రతి గుఱ్ఱమునకు తొడుగవలసిన యుడుపైనది.

రోగపు గిట్టలలో మిక్కిలి భయంకరమైనది లామినైటిస్. పైన చెప్పిన రేకుల పట్టు సడలుటయే ఆ వ్యాధి. పట్టు సడలగానే గుఱ్ఱపు బరువు ఎముకను క్రిందికి నొక్కును. ఒక్కొక్కప్పుడు ఎముకమొన అడుగును చీల్చుకొని వెలికి వచ్చును. గ్రీకులు దీనిని బార్లీ రోగమనిరి. ఆ పేరులోనే సగము వైద్యము గలదు. గాదె తలుపు తీసియుండ గుఱ్ఱము ధాన్యము మెక్కినను, తీపి యెక్కువైన పచ్చికపై కొవ్వినను, కడుపులోను రక్తములోను పుట్టిన మార్పు గిట్టకు దిగును. రక్తమున ఇన్సులిను మితిమీరుటయే దీనికి ఒక ముఖ్యకారణమని ఈ శతాబ్దపు పరిశోధనలు తేల్చినవి. ఒక కాలు విఱిగి తక్కిన కాలిపై బరువంతయు పడినను ఇది వచ్చును. అమెరికాలో పేరుమోసిన పందెపు గుఱ్ఱము సెక్రటేరియట్ 1989లో ఈ రోగముచేతనే ప్రాణము కోల్పోయెను. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో, మఱుసటి పందెములో వెనుకకాలు విఱిగి, శస్త్రచికిత్స ఫలించుచున్నదనుకొనునంతలో రెండవ వెనుకకాలికి లామినైటిస్ తగిలి, 2007 జనవరిలో నొప్పిలేని మరణము పొందవలసి వచ్చెను.

ఇట్టి రోగములకే చికిత్సా లాడములు పుట్టినవి. 1980 తరువాతి దశాబ్దమున టెక్సాసుకు చెందిన బర్నీ చాప్మను హృదయాకారపు లాడమును ప్రచారమునకు తెచ్చెను. అది బరువులో కొంత భాగమును సడలిన పెంకుపైనుండి మెత్తని గడ్డపైకి మార్చును. నేర్పుగా అమర్చిన లాడముతో మరల నడచిన గుఱ్ఱములు గలవు. నేర్పులేని చేతిలో అదే లాడము ఆ గడ్డను నలిపి పుండుచేసిన సందర్భములును గలవు. పెంకు నిలువున పగిలినపుడు, రెండు భాగములు కదలకుండ వెనుక అడ్డుపట్టె గల లాడము బిగించుట విఱిగిన చేతికి బద్దకట్టినట్లే. మడమలోని పడవయాకారపు చిన్నయెముక నొచ్చినపుడు, మడమను ఎత్తిపట్టు లాడము స్నాయువు లాగుడును తగ్గించును.

దీనికి ఎదురుగా వట్టిగిట్ట వాదము మరల లేచినది. అమెరికాలో జేమీ జాక్సను అను లాడపువృత్తివాడు నెవాడా ప్రాంతపు అడవిగుఱ్ఱములను 1982 నుండి కొన్నియేండ్లు పరిశీలించి, 1992లో గ్రంథము ప్రకటించెను. ఎండుగట్టినేలపై దూరము తిరుగు ఆ గుఱ్ఱముల గిట్టలు పొట్టివై, అంచులు గుండ్రనై, బలిష్ఠముగా నుండుట చూచి, ఇంటి గుఱ్ఱములను గూడ అట్లే పెంచవచ్చునని ఆయన బోధించెను. ఇది కేవలము పిచ్చిమాట కాదు. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సులో, గుఱ్ఱములతో అడ్డంకులు దాటు పందెమున స్వీడను జట్టు స్వర్ణము గెలిచినది. ఆ జట్టులోని మూడు గుఱ్ఱములలో రెండింటికి లాడములు లేవు. కాని అడవిలోనిదంతయు ఆరోగ్యమనుట సరికాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశముల అడవిగుఱ్ఱముల గిట్టలను అచ్చటి పశువైద్య పరిశోధకులు పరీక్షించినపుడు, లామినైటిస్ గుర్తులు, ఇతర లోపములు కొల్లలుగా కనబడినవి. అడవిలో కుంటి గుఱ్ఱము మన కంటబడకముందే చచ్చును. మిగిలినవానిని చూచి మనము ప్రకృతిని పొగడుదుము.

ఇక నిర్ణయమెట్లు? నేను వైద్యుడను గాను, చరిత్ర చదివినవాడను. చరిత్రయు వైద్యులును ఏకీభవించినంతవఱకు చెప్పుదును. గిట్టరోగములన్నిటికి లాడమే మేలనిగాని, వట్టికాలే మేలనిగాని తేల్చిన నిదర్శనము లేదు. కావున మొదట రోగకారణమును వెదకవలెను. మేతవలన పుట్టిన రోగమునకు మేత దిద్దక లాడము మార్చిన ప్రయోజనము లేదు. లామినైటిస్ తొలిదినములలో గిట్టలను మంచునీటిలో నుంచుట, ధాన్యము మాన్పుట, మెత్తని నేలపై నిలుపుట, పశువైద్యుని పిలుచుట ముందు. లాడపు చర్చ తరువాత. రెండవది, ఎక్సురే తీయించి యెముక ఎట్లున్నదో చూడక చికిత్సా లాడము కట్టించుట చీకటిలో మేకు కొట్టుటయే. మూడవది, నేలను పనిని చూడవలెను. పొలములో తిరిగి, మెత్తని బాటపై తేలికపని చేయు గుఱ్ఱమునకు వట్టికాలు చాలవచ్చును. తారుబాటపై దినదినము నడచు గుఱ్ఱమునకు చాలకపోవచ్చును. నాల్గవది, యజమాని ఓపిక. లాడమూడదీసిన గిట్ట కుదురుకొనుటకు నెలలు పట్టును. క్రొత్తపెంకు నేలవఱకు దిగవలెనన్న ఏడాది. ఆ కాలమున గుఱ్ఱముచే పని చేయింపరాదు. చేయింపక తప్పనిచో రబ్బరు బూట్లు తొడుగవలెను. ఆ బూట్లు రోమనుల విప్పెడి చెప్పులకు మనుమలు. అమెరికాలో ఒకే దినమున 160 కిలోమీటర్లు కొండబాట సాగు పందెమును గూడ వానితో పూర్తిచేసిన గుఱ్ఱములు గలవు.

ఒక్క మాట రెండు పక్షములవారికిని చెప్పవలసియున్నది. లాడము నొప్పిని మఱుగుపఱచగలదు. అడుగు నేలకు తగులకపోవుటచే రోగపు గుఱ్ఱము చక్కగా నడచునట్లు కనిపించి, లోపల చెడుచుండవచ్చును. నడక బాగైనదని వైద్యము మానరాదు. అట్లే, వట్టికాలివారు నొప్పిని సాధన యని పిలుచుట గలదు. ముక్కుచు, కాలు మార్చి మార్చి నిలుచుచు, రాయి తగిలినపుడెల్ల ముడుచుకొనుచున్న జంతువును చూచి, ఇంకను కొన్నినెలలలో గట్టిపడునని నచ్చజెప్పుకొనుట దయ కాదు. ఎవరి సిద్ధాంతము నెగ్గుటకొఱకైనను గుఱ్ఱము కుంటనక్కఱలేదు. గిట్ట వేడిగా నున్నదా, గిట్టపై కీలువద్ద నాడి గట్టిగా కొట్టుకొనుచున్నదా, మలుపు తిరుగుటకు వెనుదీయుచున్నదా — వీనిని ప్రతిదినము చేతితో తాకి, కంటితో చూచువాడు ఏ మార్గము పట్టినను సకాలమున దిద్దుకొనగలడు.

జట్కాలు మన బాటలనుండి తొలగినవి. పెండ్లి యూరేగింపుల గుఱ్ఱములు, పందెపు గుఱ్ఱములు, పోలీసు గుఱ్ఱములు మిగిలినవి. ఊరేగింపులలో, అరిగి పలుచనైన లాడముతో తారుబాటపై జారుచు నడచు గుఱ్ఱములను నేను చూచితిని. లాడమూడిపోయి, పొడుగెదిగి పగిలిన గిట్టతో నడచువానిని గూడ చూచితిని. ఒకటి లాడపు పక్షము, వేఱొకటి వట్టికాలి పక్షము అనరాదు. రెండును అశ్రద్ధ పక్షమే. డయొక్లీషియను 6 దినారములు విధించిన ఆ పాతపని, అనగా నెలన్నరకొకమారు నేర్పరిచేత పెంకు చెక్కించి ఆకురాయితో సమము చేయించుట, లాడమున్నను లేకున్నను తప్పనిది. మీ యూర ఎవరైనను గుఱ్ఱమును పోషించువారుండిన, వారి గుఱ్ఱపు కాలెత్తించి యొకమారు చూడుడు. పెద్దల మాటకు విలువ గలచోట, లాడపుపనివాని పిలిపింపుడని మీరనినచో వారు కాదనరు.